ట్యాంకర్ రోజుల్లో టమాటా నారా?

ఆఫ్రికా దక్షిణాన ఉన్న లెసోతో దేశం వెళ్లి పది రోజులుండి అక్కడి కుటుంబాలకు పెరటి తోటలు వేసిచ్చిన కుర్రాళ్ల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. ఒక్కటే వెలితి. వాళ్లు తిరిగొచ్చాక ఆ తోటలేమయ్యాయి?

మాది అనంతపురం పక్క పల్లె. కొన్నేళ్ల కింద మా ఊరికీ ఇలాగే విదేశాల నుంచి ఒక బృందం వచ్చింది. మంచి పిల్లలు, చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వారు. కానీ వచ్చింది ఏప్రిల్‌లో! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టే రోజుల్లో టమాటా నారు నాటితే ఏం బతుకుతుంది? తొలకరి దాకా ఆగమని మా అవ్వ చెప్పింది. భాష తెలిస్తే కదా.

వ్యాసంలో చూపిన తాళం కన్నం ఆకారపు (కీహోల్) తోట మాత్రం మాలాంటి నేలకు సరిపోతుంది. గుండ్రంగా నడుమెత్తు రాళ్లు పేర్చి, మధ్యలో బుట్ట నిలిపి, అందులో తొక్కలు వేసి వాడిన నీళ్లు పోస్తే తేమ చుట్టూ మట్టికి పాకుతుంది. నేనూ ఒకటి కట్టాను. కందికట్టెతో బుట్ట, చెరువు మట్టి, బియ్యం కడిగిన నీళ్లు. గోంగూర, చుక్కకూర విరగకాసినట్టే వచ్చాయి. బెండకు పురుగు పట్టింది, అది వేరే కథ.

స్పెయిన్ నుంచి వచ్చి పేదలకు సేవ చేసిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నారు. అందరినీ అలా ఉండమనను. కానీ లెసోతో వెళ్లిన ఆ కుర్రాళ్లు మరుసటి ఏడు ఒక్క ఫోన్ చేసి “అక్కా, ఆకుకూర వస్తోందా?” అని అడిగారా? అది కనుక్కుని రాయండి.