ర్యాంపు లేని ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారి దివ్యసముఖానికి,

చీపురుపల్లికీ విజయనగరానికీ నడుమ, పట్టాలను ఆనుకుని ఉన్న ఒక ఊరి నుంచి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు పైన క్షేమంగానే ఉన్నారని కింద నిలబడి చూసి తెలుసుకుంటున్నాం. ఎక్కి వచ్చి పలకరించే ఓపిక ఊళ్లో చాలామందికి లేదు, ఏమీ అనుకోకండి.

తమరికంటే ముందు ఇక్కడ లెవెల్ క్రాసింగ్ గేటు ఉండేది. దాన్ని తిట్టని నోరు లేదు. గూడ్సు వెళ్లిపోయినా గేటు లేచేది కాదు, ఎదురు లైనులో ఇంకో బండి ఉందనేవారు. పెళ్లికారు, ధాన్యం ట్రాక్టరు, 108 అంబులెన్సు అన్నీ ఒకే వరసలో నిలబడేవి. గేటు పడి తాళం పడితేగానీ బండికి సిగ్నల్ ఇవ్వరని గేట్‌మ్యాన్ చెప్పాక అర్థమైంది, అటు రైలు కూడా మా కోసం ఎదురుచూస్తోందని! అందుకే గేటు ఎత్తేస్తామంటే ఊరంతా చప్పట్లు కొట్టింది. 2014లో మాసాయిపేటలో కాపలా లేని క్రాసింగ్ దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దిన సంగతి ఎవరు మర్చిపోతారు? అసలు లెవెల్ క్రాసింగులన్నీ ఐదేళ్లలో ఎత్తేయాలని రైలు భద్రత మీద వేసిన కకోద్కర్ కమిటీ 2012లోనే చెప్పింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లు పోయాయి. మంచిపని, కాదనేవాళ్లు లేరు.

బళ్లకేమో దూరంగా రోడ్డు వంతెన వేశారు. నడిచేవాళ్లకు తమరిని ఇచ్చారు. అక్కడే వచ్చింది చిక్కు. పాత గేటు మూసి ఉన్నంతసేపే అడ్డు. తమరు ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండి కూడా అడ్డే.

తమరి వంశానికి వెనకాల ఒక లెక్క ఉందట. గేటు దగ్గర రోజుకు ఎన్ని రైళ్లు, ఎన్ని బళ్లు వెళ్తాయో లెక్కపెట్టి, ఆ రెండూ హెచ్చవేస్తారు. దాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే రోడ్డు వంతెన ఖర్చు రైల్వే, రాష్ట్రం పంచుకోవడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. ఆ లెక్కలో ఎడ్లబండి ఒక యూనిట్, ఆటో అర యూనిట్. మరి నెత్తిన చేపల గంపతో నడిచొచ్చే మనిషి? బండి కాదు కాబట్టి ఆమెకు అందులో చోటు లేదు. ఎద్దుకున్న విలువ ఎద్దును తోలేవాడు దిగి నడిస్తే ఉండదన్నమాట.

ఇక తమరి అందం గురించి. కింద రైళ్లకు కరెంటు ఇచ్చే 25 వేల వోల్టుల తీగ ఉంది కనుక ఎత్తు తప్పదు, ఒప్పుకుంటాం. ఆరు మీటర్లనుకుందాం. మెట్టుకు 15 సెంటీమీటర్ల చొప్పున 40 మెట్లు ఎక్కాలి, మళ్లీ 40 దిగాలి. మన విజయనగరం జాతరలో సిరిమాను, అంటే ఆ పొడవాటి మాను కొస, ఎక్కేది పైడితల్లమ్మ పూజారి ఒక్కరే, అదీ ఏడాదికి ఒక్కసారి. ఆయన్ని సైతం కూర్చోబెట్టి, జాగ్రత్తగా పైకి లేపుతారు. తమరేమో మోకాళ్లు అరిగిన ముసలమ్మను, నెలలు నిండిన కోడలిని, సైకిల్ భుజాన వేసుకున్న పదో తరగతి పిల్లాడిని రోజూ ఎక్కమంటున్నారు. మూడు చక్రాల బండి మీద వచ్చే మా పక్కవీధి కుర్రాడినైతే అసలు పిలవనే లేదు. పింఛను ఒకటో తారీఖున గుమ్మంలోకే వస్తోంది. ఆ డబ్బుతో అవతలి వీధిలో మందుబిళ్లలు కొనుక్కోవాలంటే మాత్రం తమరి దయ కావాలి.

“ఎక్కడానికో గంట, దిగడానికో గంట. ఈలోగా సంతే లేసిపోద్ది కదా బావూ,” అంది మా వీధి మామ్మ. తమరిని ఆనందంగా వాడుకుంటున్నది మేకలు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కూడా తమరి మీద చక్కగా కనిపిస్తాయి, ఆ ఉపకారం మరువం.

మిగతావాళ్లు ఏం చేస్తున్నారో తమరికి పైనుంచి కనిపిస్తూనే ఉంటుంది. తమరి నీడలోనే కంచెకు ఒక సందు పడింది. అందులోంచి దూరి, పట్టాల మీదుగానే దాటుతున్నారు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద దానికి ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానాయో, రెండూనో అని బోర్డు కూడా ఉంది. గేటు ఉన్నప్పుడు కనీసం ఆగమని చెప్పే మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ సందు దగ్గర ఎవరున్నారు?

ఈ జిల్లాల్లో పట్టాల మీద కాలు పెట్టడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 నవంబరులో గొట్లాం దగ్గర, మంటలన్న భయంతో బండి దిగినవాళ్ల మీదికి పక్క లైనులో ఇంకో రైలు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బాతువ దగ్గర కూడా అంతే, ఆగిన బండి దిగి పట్టాల మీదికి వచ్చినవాళ్లను పక్క లైను బండి పొట్టన పెట్టుకుంది. ఒక బండి చప్పుడులో రెండోదాని చప్పుడు వినిపించదు. ఒకటి కళ్లెదుట ఉంటే దాని వెనకది కనిపించదు. చట్టం తెలిసినవాళ్లకూ అంతే, తెలియనివాళ్లకూ అంతే.

స్థలం లేదంటారని తెలుసు. పన్నెండు మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు వాలు చొప్పున ఆరు మీటర్లకు 72 మీటర్ల ర్యాంపు కావాలి, రెండు వైపులా. తిన్నగా వేస్తే పొలాల్లోకి వెళ్తుంది, నిజమే. మలుపులు తిప్పి, మలుపు మలుపుకీ చదునుగా నిలబడే చోటు ఇస్తే పాత గేటు రోడ్డు జాగాలోనే చాలావరకు సర్దుకుంటుంది. లిఫ్టు పెడతామంటే వద్దనం. కానీ 2014 హుద్‌హుద్‌ తుఫాను తర్వాత కరెంటు కోసం ఎన్నాళ్లు కాచుకున్నామో అందరికీ గుర్తే, కాబట్టి లిఫ్టు పెట్టినా ర్యాంపు ఉండాల్సిందే. అండర్‌పాస్ సంగతి ఎత్తకండి. వానాకాలంలో అందులో నడవరు, ఈదుతారు. ప్రజలు వాడే కట్టడాలు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని 2016లో పార్లమెంటు చట్టమే చేసింది. తమరి ప్లాను గీసిన కాగితం దగ్గరికి ఆ చట్టం ఇంకా చేరలేదు కాబోలు, అదీ మెట్లెక్కి రావాలేమో.

తమరిని కూల్చమని అడగటం లేదు. రెండు వైపులా ర్యాంపు, పిల్లలకో ఎత్తులో పెద్దలకో ఎత్తులో చేతిపట్టాలు, రాత్రి వెలిగే దీపాలు, వానకు జారని నేల. ఇవి వచ్చేదాకా ఆ సందు దగ్గర పగలూ రాత్రీ ఒక మనిషిని కూర్చోబెట్టమనండి.

తమరిని తనిఖీ చేయడానికి పెద్దలెవరైనా వస్తే సంత రోజునే రమ్మనండి. ఒకరి నెత్తిన 25 కిలోల బియ్యం బస్తా పెడతాం, ఇంకొకరిని చక్రాల కుర్చీలో కూర్చోబెడతాం. అవతలి వైపు టీ మా ఖర్చు. అక్కడిదాకా వచ్చే పూచీ మాత్రం వాళ్లదే.

ఇట్లు,
తమరి కింద నివసించే ఒక పాదచారి