కామిక్ చదివితే కాపురాలు కూలిపోతాయట!

ఇంతకీ నేను చేసిన నేరం ఏంటంటే, ఒక హారర్ కామిక్ సోఫాలో వదిలేసి టీ పెట్టడానికి వెళ్లడం. వచ్చేసరికి మా పెద్దమ్మ దాన్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఉంది. “ఏటే ఇది? కొత్తగా పెళ్లైనదానివి, ఇలాంటివి సదివితే కాపురాలు నిలబడతాయా?” అనీసింది.

ఈవిడే రాత్రయితే సీరియల్ పెట్టుకుని, కోడలి పాయసంలో విషం కలిపే సీను రిమోట్ ఎవరికీ ఇవ్వకుండా చూస్తుంది. ఆ ఒక్క విషమే వారాల తరబడి కలుపుతారు. దానివల్ల మాత్రం ఏ కాపురానికీ ఏమీ కాదు.

అసలు ఆ కామిక్‌లో దెయ్యం లేదు. నెత్తురు లేదు. ఒక మొగుడూ పెళ్లాం, ఒక చిన్న ఫ్లాటు, అంతా నలుపూ తెలుపూ. వాడు ఒక్కసారి కూడా చెయ్యెత్తడు. ‘నీకెందుకులే’, ‘నీకు తెలీదులే’, ‘నీ మంచికే చెబుతున్నా’, అంతే. కానీ వాడి మాటల బెలూన్లు పేజీ పేజీకీ ఉబ్బుతుంటాయి. ముందు గడిలో సగం, తర్వాత ముప్పావు. ఆమె మూలకి జరుగుతుంది, ఆపైన చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, చివరికి గడంతా వాడి మాటలే. ఆమెకీ ఒక బెలూన్ ఉంటుంది, లోపల ఖాళీ. ఆ పేజీ దగ్గర ఒళ్లు జలదరించింది నాకు. బొమ్మా మాటా చోటు కోసం ఇలా కొట్టుకోవడం కామిక్‌లోనే కుదురుతుంది.

ఇంకోటి. నాకు చందమామ బేతాళ కథలు చదివి వినిపించింది ఎవరనుకున్నారు? శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు, శంకర్ గారి బొమ్మ. చిన్నపిల్లకి అది పర్వాలేదు!

1954లో అమెరికాలో చాలా కామిక్స్ కంపెనీలు కలిసి ఒక నియమావళి రాసుకున్నాయి. పుస్తకం పేరులో హారర్, టెర్రర్ అని ఉండకూడదు. ప్రేమకథలైతే పెళ్లి పవిత్రతని చాటాలి. విడాకులు మంచివన్నట్టు చూపించకూడదు. మా పెద్దమ్మ వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ దాటి ఎక్కడికీ వెళ్లలేదనుకున్నాను, ఆ కమిటీలో మెంబరని ఇప్పుడు తెలిసింది.

సర్లెండి, కామిక్ సంగతి అలా ఉంచండి. నా మంట అది కాదు. ఈవిడ కూతురే, మా అక్క, ఒకరోజు గాజువాక నుంచి బ్యాగుతో వచ్చీసింది. పెద్దలంతా చేరారు. “కొట్టాడా? లేదు కదా. తాగుతాడా? లేదు కదా. మరేటి నీ బాధ?” 2005లో వచ్చిన గృహహింస చట్టంలో మాటలతో, మానసికంగా బాధపెట్టడం కూడా హింసేనని రాసుంది. ఆ గదిలో వరసకి బాబాయి అయ్యే ఒక లాయరు కూర్చుని ఉన్నాడు మరి! ఆయన నోట్లోంచి ఆ చట్టం రాలేదు. “సింహాద్రి అప్పన్నంతటి వాడికే ఉగ్రం తగ్గడానికి ఏడాది పొడుగునా చందనం పూసి ఉంచుతారమ్మా, మొగుడెంత, నువ్వే చల్లబరచాలి” అని వచ్చింది. అందరూ ఆహా అన్నారు. ఆ చందనం జీవితాంతం అరగదీయాల్సిందెవరో ఒక్కరూ అడగలేదు. సాయంత్రానికి అక్కని గాజువాక బస్సెక్కించేశారు.

బాబాయ్ గారూ, మీరిది చదువుతున్నారని తెలుసు. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారనీ తెలుసు. పెట్టండి. ఆ రోజు అక్క ఏడుస్తుంటే కాఫీలో పంచదార తక్కువైందని కప్పు వెనక్కి పంపిందెవరో తర్వాతి పోస్టులో పేరుతో సహా రాస్తాను.