క్షమించండి, గెలిచాను

మా తెనాలి వైపు ఎవరైనా మండల స్థాయి కబడ్డీలో రెండో బహుమతి తెచ్చుకుంటే బస్టాండు నుంచి ఇంటి దాకా ఫ్లెక్సీలు కడతారు. ఫ్లెక్సీలో ఆడినవాడి ఫొటో చిన్నది, కట్టించినవాళ్ల ఫొటోలు పెద్దవి, అది వేరే సంగతి. అలాంటి గడ్డ మీద పెరిగిన మనిషిని తీసుకొచ్చి కెనడాలో టొరంటో పక్కనున్న మిసిసాగాలో టీవీ ముందు కూర్చోబెట్టి, అప్పుడే మూడు గోల్స్ కొట్టి, గడ్డం మీంచి చెమట కారుతుంటే మెడలో తువ్వాలుతో నిలబడ్డ ఐస్ హాకీ ఆటగాడి ఇంటర్వ్యూ చూడమంటే ఏమనుకుంటాడు? నేనైతే మొదటిసారి, పాపం ఈ కుర్రాడు ఏదో తప్పు చేసి దొరికిపోయాడనుకున్నాను. నేల చూపులు చూస్తూ, "ఆబ్వియస్‌లీ గెలిచి జట్టుకి రెండు పాయింట్లు రావడం ముఖ్యం, కుర్రాళ్లు బాగా కష్టపడ్డారు, పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) నా దగ్గరికి రావడం నా అదృష్టం, గోలీయే (అంటే గోల్‌కీపరు) మమ్మల్ని నిలబెట్టాడు, రేపు మళ్లీ ఆట ఉంది" అని గబగబా చెప్పేసి వెళ్లిపోయాడు. ఇక్కడ ఎవరైనా మూడు గోల్స్ కొడితే జనం నెత్తి మీది టోపీలు తీసి మంచు మీదికి విసురుతారు, ఆట ఆపి వాటిని పోగు చేయాలి. అంత జరిగినా ఆయన మాటల్లో మూడు అనే అంకె రాలేదు.

పద్నాలుగేళ్లుగా ఈ విషయం మీద పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే సోఫా, వేయించిన వేరుశెనగపప్పు, రిమోటు. ఆట అయ్యాక తలుపు దగ్గర అడిగే రెండు నిమిషాల ముచ్చట్ల నుంచి, రిటైరయ్యాక పాడ్‌కాస్టుల్లో గంటన్నర సాగే జీవితకథల దాకా దేన్నీ వదల్లేదు. ఒకసారి ఒకే ఇంటర్వ్యూలో "ఆబ్వియస్‌లీ"లు లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర నిద్రపోయాను. కాబట్టి పూర్తి బాధ్యతతో చెబుతున్నాను: కెనడా క్రీడారంగంలో ఉత్తమ పురుష ఏకవచనం అంతరించిపోతోంది. ధ్రువపు ఎలుగుబంట్ల గురించి ఇంత బాధపడే ప్రభుత్వం "నేను" గురించి ఒక్క కమిటీ కూడా వేయకపోవడం అన్యాయం.

జీవితకథ ఇంటర్వ్యూ అయితే దరఖాస్తు ఫారంలా అచ్చు వేయించి పేరు దగ్గర ఖాళీ వదిలేసినా సరిపోతుంది. చిన్న ఊరు. తెల్లవారుజామున ఐదింటికి నాన్న లేపి రింకుకి, అంటే ఆడుకునే మంచు మైదానానికి, తీసుకెళ్లేవాడు. కారులో హీటరు పనిచేసేది కాదు. పదహారేళ్లకి ఇల్లు వదిలి, వేరే ఊళ్లో ఎవరింట్లోనో ఉండి జూనియర్ హాకీ ఆడాడు, ఆ ఇంటావిడ చేసిపెట్టిన లజాన్యా రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. ఇదంతా నలభై నిమిషాలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల కెరీరు, ఊడిన నాలుగు పళ్లు, గెలిచిన కప్పు, అన్నీ కలిపి ఐదు నిమిషాలు. మళ్లీ నాన్న, మళ్లీ ఆ కారు.

వేన్ గ్రెట్జ్‌కీనే తీసుకోండి. బ్రాంట్‌ఫర్డ్‌లో నాన్న వాల్టర్ పెరట్లో నీళ్లు పెట్టి గడ్డకట్టిస్తే ఆ మంచు మీద ఆట నేర్చుకున్నాడు. 894 గోల్స్ కొట్టాడు, ఆ రికార్డు 2025 దాకా ఎవరికీ అందలేదు. కానీ అసలు విడ్డూరం అది కాదు. హాకీ లెక్కలో గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు వస్తే, ఆ పక్ అందించినవాడికీ, అంతకుముందు అందించినవాడికీ కూడా చెరొక పాయింటు వస్తుంది. గ్రెట్జ్‌కీ మొత్తం పాయింట్లు 2857. అందులోంచి ఆయన కొట్టిన గోల్స్ అన్నీ కొట్టేయండి, పక్కవాళ్లకి అందించినవే, అంటే అసిస్టులే, 1963 మిగులుతాయి. ఆయన తర్వాతి స్థానంలో ఉన్న జాగర్ గోల్స్, పాస్‌లు అన్నీ కలిపినా 1921 దాటలేదు. అంటే ఈయన జన్మలో ఒక్క గోల్ కొట్టకపోయినా మొదటి స్థానం ఈయనదే. వినయానికి అకౌంట్స్ పుస్తకం ఉన్న ఆటని ఇంకెక్కడా చూడలేదు నేను.

అంతటివాణ్ని 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కి అమ్మేశారు. ఒక ఎంపీ లేచి ప్రభుత్వమే ఈ బేరాన్ని ఆపాలన్నాడు. అదీ ఆటగాణ్ని జాతీయ సంపదగా చూడడమంటే. ఆ రోజు ప్రెస్ మీట్‌లో గ్రెట్జ్‌కీ కళ్లు తుడుచుకుంటూ అన్న మాట, ఇలా చేయనని మెస్‌కి మాటిచ్చాను అని. మెస్ అంటే తోటి ఆటగాడు మార్క్ మెస్సియర్. ఏడుపు తనది, ఊరు వదిలేది తను, నాలుగు కప్పులు గెలిపించింది తను, అయినా ఆ వాక్యంలో కూడా పక్కవాడికి ఒక అసిస్ట్ ఇచ్చాడు చూశారా.

సిడ్నీ క్రాస్బీది ఇంకో ముచ్చట. నోవా స్కోషియాలో కోల్ హార్బర్ అనే ఊళ్లో ఇంటి బేస్‌మెంట్లో ప్రాక్టీసు చేస్తూ బట్టలారబెట్టే డ్రయ్యర్‌ని పక్‌లతో సొట్టలు పెట్టాడు. ఆ సొట్టల డ్రయ్యర్ ఇప్పుడు హాలిఫాక్స్‌లో మ్యూజియంలో ఉంది. మా ఇంట్లో అయితే డ్రయ్యర్ ఇంట్లోనే ఉండేది, నేను వెళ్లేవాణ్ని, ఆస్పత్రికి. 2010 ఫిబ్రవరి 28న వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్లో, ఓవర్‌టైములో, అమెరికా మీద గోల్డ్ తెచ్చిన గోల్ ఆయనదే. దేశమంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో ఆయన నోట్లోంచి వచ్చిన కేక "ఇగ్గీ!". పాస్ ఇవ్వాల్సిన జరోమ్ ఇగిన్లా ముద్దుపేరు. మనవాళ్లయితే ఆ సమయానికి ఇంటిపేరుతో సహా సొంత పేరే అరిచేవాళ్లు.

ఇక మా మిసిసాగాలో పుట్టిన బియాంకా ఆండ్రెస్కూ. 2019 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్‌ని 6-3, 7-5తో ఓడించింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. కోర్టు మధ్యలో మైకు ఇస్తే, మీరంతా సెరెనా గెలవాలని కోరుకున్నారు, నన్ను క్షమించండి అని జనానికి చెప్పింది. గెలిచినందుకు సారీ! ఇందులో చట్టపరమైన జాగ్రత్త ఉందని నా అనుమానం. మా ఒంటారియో రాష్ట్రంలో 2009 నుంచి క్షమాపణల చట్టం ఒకటి ఉంది, నిజంగానే. సారీ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో లెక్కేయకూడదు. కాబట్టి ఆ అమ్మాయి సెరెనాని ఓడించిందని ఆ సారీ ఆధారంగా ఎవరూ కేసు వేయలేరు. న్యూయార్క్‌లో చెప్పిన సారీకి ఒంటారియో చట్టం వర్తిస్తుందా అన్నది లాయర్లు తేల్చాలి.

అందరూ ఇలాగే ఉన్నారని అనను. ఈతగత్తె పెన్నీ ఒలెక్సియాక్ టోక్యోలో ఏడో ఒలింపిక్ పతకం గెలిచి అప్పటికి దేశంలో అందరికంటే ఎక్కువ ఒలింపిక్ పతకాలున్న మనిషి అయ్యాక, ఈత వల్ల ఏమీ రాదు, ఆపేసి చదువు మీద శ్రద్ధ పెట్టమన్న హైస్కూలు టీచరుకి ట్విట్టర్లో ధన్యవాదాలు చెప్పింది. ఆ టీచరు పూర్వీకులది గుంటూరో, నెల్లూరో అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆధారాలు లేవు, గొంతు మాత్రం బాగా పరిచయం.

మన తల్లిదండ్రులకి నచ్చే ఆటగాడు మాత్రం లారెంట్ డువెర్నే-టార్డిఫ్. క్యూబెక్ మనిషి, మెగిల్ యూనివర్సిటీలో డాక్టరు పట్టా, 2020 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ జట్టుతో అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద కప్పు, సూపర్ బౌల్. కోవిడ్ వచ్చాక ఆ సీజను ఆట మానేసి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనికి వెళ్లాడు. జెర్సీ వెనక పేరు పక్కన "ఎం.డి." అని వేసుకుంటానని అడిగితే లీగ్ వాళ్లు ఒప్పుకోలేదట. ఒక కెనడావాడు జీవితంలో ఒక్కసారి గొప్ప చెప్పుకుందామనుకుంటే ఆ రెండక్షరాలు కూడా దక్కనివ్వలేదు. మా వాళ్లు పెళ్లికార్డు మీద, ఇంటి గేటు మీద, చివరికి బియ్యం బస్తా మీద కూడా రాయించుకుంటారు.

మరి ఇంత మెత్తగా మాట్లాడే దేశంలో గట్టిగా మాట్లాడే ఉద్యోగం ఎవరిది? దాదాపు 40 ఏళ్లు అది డాన్ చెర్రీది. ఒకప్పటి బోస్టన్ హాకీ జట్టు కోచ్. శనివారం రాత్రి ఆట విరామంలో, డ్రాయింగ్ రూం కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టించినట్టుండే కోట్లు వేసుకొచ్చి, బల్ల గుద్ది, యూరప్ ఆటగాళ్లనీ, హెల్మెట్ అద్దాలనీ, ఎవర్ని పడితే వాళ్లని తిట్టేవాడు. పక్కన రాన్ మెక్లీన్ నవ్వుతూ తలూపేవాడు. దేశం మొత్తం తను అనలేని మాటల్ని కాంట్రాక్టుకి ఇచ్చినట్టుండేది. 2004లో ఎవరు గొప్ప కెనడియన్ అని టీవీలో జనం ఓట్లేస్తే చెర్రీకి ఏడో స్థానం వచ్చింది. ఎనిమిదో స్థానం దేశపు మొదటి ప్రధానిది. గ్రెట్జ్‌కీది పదో స్థానం. ఆడినవాడి కంటే ఆట గురించి అరిచినవాడు మూడు మెట్లు పైన. మన న్యూస్ చానళ్ల డిబేట్లు చూసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

2019 నవంబరులో ఆయన, సైనికుల జ్ఞాపకార్థం పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వుని వలస వచ్చిన "మీలాంటివాళ్లు" పెట్టుకోవడం లేదని అన్నాడు. తను మిసిసాగాలోనే ఉంటాననీ, అక్కడ ఆ పువ్వు పెట్టుకునేవాళ్లు కనపడరనీ ఉదాహరణ ఇచ్చాడు. సోఫాలో ఉన్న నేను వేరుశెనగపప్పు పక్కన పెట్టి కోటు వెతికాను. పువ్వు ఉంది, కాకపోతే కోటు అల్మారాలో ఉంది. ఆ తర్వాత జరిగింది చూడాలి. చానల్ క్షమాపణ చెప్పింది. పక్కన కూర్చున్న మెక్లీన్ క్షమాపణ చెప్పాడు. చెప్పనిది చెర్రీ ఒక్కడే, రెండు రోజుల్లో ఉద్యోగం పోయింది. గెలిచినందుకు సారీ చెప్పిన పిల్లదీ, ఏం జరిగినా చెప్పనన్న పెద్దాయనదీ ఒకే ఊరు. రెండూ ఒకే ఏడాది. ఊరి నీళ్ల మీద పరీక్ష చేయించాలి.

మా హాకీ జట్టు టొరంటో లీఫ్స్ గురించి ఎక్కువ రాయను, ఇంట్లో గొడవలవుతాయి. 1967 తర్వాత కప్పు లేదు. మా అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టే రోజుల్లోనే, ఎన్నో ఏళ్లు, వీళ్లు ఓడిపోయి లాకర్లు ఖాళీ చేస్తూ విలేకరులకి ఇంటర్వ్యూలు ఇచ్చారు. ఈ జట్టు మీద నమ్మకం ఉంది, దీన్నించి నేర్చుకుంటాం. ఆవకాయకైనా ఏటా కొత్త మామిడికాయలు కావాలి, వీళ్లు పాత ఊటతోనే సరిపెట్టేశారు. ఇక ఆటగాళ్లని మార్చుకునే గడువు రోజున టీవీ స్టూడియోలో ఆరుగురు పెద్దమనుషులు పొద్దున్నించీ సాయంత్రం దాకా ఫోన్లు చూసుకుంటూ కూర్చునే కార్యక్రమం ఒకటుంది. మన ఎన్నికల కౌంటింగ్ రోజులాంటిదే, ఓట్లుండవు, అంతే.

నిజానికి వినయంలో మనమేం తక్కువ కాదు. ప్రీ రిలీజ్ ఈవెంట్లో మన హీరో కూడా "నాదేం లేదు, అంతా డైరెక్టర్ గారి విజన్, మీ ఆశీర్వాదం" అనే అంటాడు. తేడా ఒక్కటే. ఆ మాటకి ముందు యాంకరమ్మ పావుగంట ఆయన్ని ఆకాశానికెత్తి ఉంటుంది, వెనక తెర మీద ఆయన గొప్పల వీడియో పడి ఉంటుంది, కింద అభిమానులు గొంతు చించుకుంటూ ఉంటారు. పొగడ్త పని ఇంకొకరికి అప్పజెబితేనే వినయం శోభిస్తుంది. కెనడావాళ్లకి వినయం ఉంది, యాంకర్ లేదు. అందుకే నా ప్రతిపాదన: ప్రతి క్రీడాకారుడి పక్కనా ప్రభుత్వ ఖర్చుతో ఒక తెలుగు యాంకర్‌ని పెట్టాలి. పంజాబీవాళ్లు ముందే మేల్కొన్నారు, 2008లోనే హాకీ కామెంటరీ వాళ్ల భాషలో మొదలైంది, కామెంటేటర్ హర్‌నారాయణ్ సింగ్ కర్ర ఎత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్‌ని చెంపదెబ్బ అర్థం వచ్చే మాటతో పిలిచేవాడు. మనకి చెంపదెబ్బా ఉంది, తప్పు చేసిన ఆటగాణ్ని కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సుకి గోడకుర్చీ కూడా ఉంది. ఆలస్యం దేనికో తెలియదు.

ఈ ప్రతిపాదన వెనక స్వార్థం కూడా ఉంది. మా వాడికి తొమ్మిదేళ్లు. మొన్న శనివారం రింకు నుంచి వస్తుంటే, కారు నిండా ఆ హాకీ బ్యాగు కంపు (ఊరగాయ జాడీలో తడి సాక్సు వేసి మూత పెట్టినట్టుంటుంది), తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది.

"ఎలా ఆడావు నాన్నా?"

"బాగానే ఆడాం నానమ్మా. అందరూ కష్టపడ్డారు. గోలీ బాగా ఆపాడు."

"నువ్వేం చేశావురా?"

"పక్ నా దగ్గరికి వచ్చింది. లక్కీ."

అమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, ఓడిపోయారా? పోనీలే కన్నా, పైసారి చూద్దాం."

నేను కారు పక్కకి ఆపి ఫోన్ లాక్కున్నాను. "అమ్మా, వీడు మూడు గోల్స్ కొట్టాడే! ఒక్కడే మూడు! అక్కడున్నవాళ్లంతా టోపీలు విసిరారు, నాది ఇంకా దొరకలేదు!"

అవతల అమ్మ మా పక్కింటావిడని కేకేసి పిలుస్తోంది. వెనక సీట్లోంచి మా వాడి గొంతు, సన్నగా: "సారీ నానమ్మా."