పదిహేడు పెద్దదా, పదహారు పెద్దదా?

చిన్నప్పుడు మా వీధిలో గొప్పతనాన్ని తేల్చడానికి ఒక శాస్త్రీయ పద్ధతి ఉండేది. రెజ్లింగ్ కార్డులు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. ఎవరి అంకె పెద్దదైతే వాడిదే కార్డు. ర్యాంకులో మాత్రం చిన్న అంకెది గెలుపు. అది మర్చిపోయినవాడికి కార్డుతో పాటు పరువూ పోయేది. నలభై దాటినా అంతకంటే మెరుగైన పద్ధతి నాకు తారసపడలేదు. అందుకని అమెరికన్ రెజ్లర్లలో రిక్ ఫ్లెయిర్ గొప్పా, జాన్ సీనా గొప్పా అన్న ప్రశ్ననూ ఆ తూకంలోనే వేస్తున్నాను.

ముందు ఒక అభ్యంతరం తోసిపుచ్చాలి. "అంతా ముందే రాసి పెట్టుకున్నదే కదా బావా, ఇందులో పోలికేమిటి?" అంటాడు మా బావమరిది. కౌరవులు ఓడిపోతారని ముందే తెలుసని పడక సీను పద్యాలకు వన్స్ మోర్ కొట్టడం మానేశామా? అభ్యంతరం కొట్టివేయడమైనది.

ఇక అంకెలు. ఫ్లెయిర్ అధికారికంగా 16 సార్లు ప్రపంచ ఛాంపియన్. సీనా 17. కేసు ఇక్కడితో ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ ఫ్లెయిర్ అభిమానులు ఇరవైకి పైనే అంటారు. 1984 మార్చిలో ఆయన ఛాంపియన్ బెల్ట్ న్యూజిలాండ్‌లో హార్లీ రేస్ అనే రెజ్లర్ చేతికి పోయి, రెండు మూడు రోజుల్లో సింగపూర్‌లో తిరిగి దొరికింది. ఆ రాకపోకలను చాలాకాలం లెక్కలోనే చేర్చలేదు. బ్యాగు పోయి దొరికినట్టే అనుకున్నారేమో.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకడు 17 సార్లు గెలవాలంటే ఆ బెల్ట్ మధ్యలో 16 సార్లు చేజారాలి. గాయమై వదులుకున్నవి ఒకటి రెండు తీసేసినా, మిగతావన్నీ ఓటములే. అంటే మనం ఇన్నాళ్లుగా లెక్కపెడుతున్నది ఎవరు ఎక్కువసార్లు పోగొట్టుకున్నారన్నది. పాతతరం రెజ్లర్ బ్రూనో సమ్మార్టినో 1963లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బడ్డీ రోజర్స్‌ని నిమిషం లోపే ఓడించి బెల్ట్ తీసుకున్నాడు, 1971 దాకా వదల్లేదు. తర్వాత ఇంకోసారి గెలిచి మరో మూడేళ్లు. మొత్తం పదకొండేళ్ల పైమాటే. మన పద్ధతిలో ఆయన స్కోరు 2. కార్డు పారేయండి.

పోలికలో చెప్పుకోవాల్సిన కుటుంబం ఒకటుంది. ఫ్లెయిర్ 1981 సెప్టెంబర్‌లో కాన్సాస్ సిటీలో తొలి ప్రపంచ టైటిల్ గెలిచింది డస్టీ రోడ్స్ మీద. సీనా 2025 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో పదిహేడోది గెలిచింది డస్టీ కొడుకు కోడీ రోడ్స్ మీద. తండ్రితో మొదలైన రికార్డును కొడుకుతో దాటించారు. ఇంత చక్కటి ప్రాస మన అవధానుల వల్ల కూడా కాదు. పైగా సీనా గెలిచిన తీరు చూడండి: నడుము కింద ఒక దెబ్బ, ఆ పైన బెల్ట్‌తో ఇంకోటి. నడుము కింద దెబ్బకు గదాయుద్ధంలో భీముడే మార్గదర్శి కాబట్టి దాన్నీ తప్పుపట్టలేం.

పనితనానికి వస్తే ఇద్దరిదీ సొంత ముద్రే. పూసలూ ఈకలూ కుట్టిన అంగీతో మహారాజులా దిగేవాడు ఫ్లెయిర్. రెండు దెబ్బలు పడగానే మోకాళ్ల మీద కూలి, వద్దు బాబోయ్ అని దండం పెట్టేవాడు. రింగు మూల పై తాడు ఎక్కేవాడు, అవతలివాడు ఎత్తి కింద పడేసేవాడు. దశాబ్దాల పాటు ఎక్కుతూనే ఉన్నాడు, పడుతూనే ఉన్నాడు. కానీ 1989లో రికీ స్టీమ్‌బోట్‌తో దాదాపు గంటసేపు ఆడిన ఆట చూస్తే తెలుస్తుంది, ఎదుటివాణ్ణి గొప్పవాడిగా చూపించడమే ఆయన విద్య అని. సీనా మోకాళ్ల దాకా జీన్స్ నిక్కరుతో వచ్చి, కిందపడ్డ ప్రత్యర్థి ముందు చెయ్యి ఊపుతూ "నేను నీకు కనపడను" అనేవాడు. వాడు కూడా పాపం, ఊపడం అయ్యేదాకా పడుకునే ఉండేవాడు. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో కనపడని ఆ మనిషిని చూడటానికే మనవాళ్లు టికెట్లు కొన్నారు.

ఒక్క విషయంలో మాత్రం హాస్యం ఆడను. 1975లో నార్త్ కరోలినాలో విమానం కూలి ఫ్లెయిర్ వెన్ను మూడుచోట్ల విరిగింది. ఇక రింగు మాట మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. నెలల్లో తిరిగొచ్చాడు. ఆ విమానం స్క్రిప్ట్‌లో లేదు. సీనా జబ్బుపడ్డ పిల్లల్ని, వాళ్ల కోరిక మేరకు, 650 మందికి పైగా కలిశాడు; అదీ లేదు. కార్డుల మీద వీటికి గడి ఉండేది కాదు.

రిటైర్మెంట్‌లో తేడా స్పష్టం. 2008లో రెజిల్‌మేనియా అనే ఏటేటా జరిగే పెద్ద పోటీలో, ప్రత్యర్థి షాన్ మైకేల్స్ "క్షమించు, నువ్వంటే ప్రేమ" అని పెదవులాడించి ఫ్లెయిర్‌ని తన్ని సాగనంపాడు. ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. మరుసటి ఏడాదికల్లా ఆయన మళ్లీ రింగులో ఉన్నాడు. 2022లో నాష్‌విల్‌లో 73 ఏళ్ల వయసులో, అల్లుణ్ణి జోడీగా పెట్టుకుని మరో చివరి ఆట ఆడాడు. రాజీనామా లేఖ ఇచ్చి మర్నాడు క్యాంటీన్‌లో కనపడే రకం. సీనా అలా కాదు, 2024లోనే చెప్పి ఏడాదికి పైగా నోటీస్ పీరియడ్ బుద్ధిగా పూర్తిచేశాడు.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో ఆఖరి ఆట. "ఎన్నడూ వదిలిపెట్టకు" అని ఏళ్ల తరబడి టీషర్టుల మీద అచ్చేసి అమ్మిన మనిషి, ప్రత్యర్థి గుంటర్ పట్టులో ఒక చిరునవ్వు నవ్వి, ట్యాప్ చేసి, అంటే ఓడిపోయానని చేత్తో తట్టి, వదిలేశాడు. జనం గుంటర్‌ని వదిలి, కథ నడిపే ట్రిపుల్ హెచ్‌ని తిట్టిపోశారు.

మనకప్పుడు ఆదివారం ఉదయం. బావమరిది ఫోన్ చేశాడు. "చూశారా బావా, ఎంత అన్యాయం! సీనా చేత ట్యాప్ చేయిస్తారా?"

"అంతా ముందే రాసి పెట్టుకున్నదే కదరా," అన్నాను.

ఫోన్ పెట్టేశాడు.