శ్రీశ్రీశ్రీ 'పోస్ట్‌లో చూసుకుందాం' గారి దివ్యసముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. హైదరాబాద్‌లో ఐదుగురు స్టూడెంట్లు, ఒక అద్దె కెమెరా, ఒక థర్మాకోల్ షీటు ఎక్కడ ఆగినా ఆరో మనిషిగా తమరు దిగుతారు. బేటా (రోజువారీ భత్యం) అడగరు, బిర్యానీ అడగరు. "లైట్ తీస్కో అన్నా, పోస్ట్‌లో చూస్కుందాం" అని యూనిట్ మొత్తాన్ని తరవాతి షాట్‌కి తోలేస్తారు. పోస్ట్ అంటే షూటింగ్ అయ్యాక చేసే ఎడిటింగ్, డబ్బింగ్, రంగుల పని. తీరా ఎడిటింగ్ మొదలయ్యాక తమరి జాడ ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

ట్యాంక్‌బండ్ మీద ప్రేమికులు విడిపోయే సీను తీసుకోండి. (స్టూడెంట్ ఫిల్ముల్లో విడిపోవడానికి వేరే చోటు దొరకదు.) హుస్సేన్‌సాగర్ గాలి బూమ్ మైక్‌ని (పొడుగు కర్రకి కట్టి పట్టుకునే మైక్‌ని) కొడుతుంటుంది. మైక్‌కి ఉన్నది నల్ల ఫోమ్ తొడుగు. బయటి గాలికి అది ఆగదు, బొచ్చు తొడుగు ఉండాలి. గాలి దెబ్బకి మైక్ ఓవర్‌లోడ్ అయితే ఆ గుబగుబలో మాట కూడా చితికిపోతుంది. 80 హెర్ట్జ్ కిందున్న లోశ్రుతి శబ్దాన్ని కోసేస్తే గుబగుబ తగ్గుతుంది, చితికిన మాట చితికినట్టే ఉంటుంది. "నాయిస్ రిడక్షన్ ఉందిగా" అంటారు తమరు. ఉంది. దాన్ని పెంచినకొద్దీ హీరోయిన్ నీళ్ల డ్రమ్ములోంచి మాట్లాడుతుంది.

పోనీ, డబ్బింగ్. అప్పటికి హీరోకి ఉద్యోగం వచ్చి బెంగళూరులో ఉంటాడు. రప్పించినా, స్క్రిప్టు వదిలేసి సొంతంగా అన్న మాటలు అతనికే గుర్తుండవు. పైలట్ ట్రాక్‌లో (షూటింగ్‌లో రికార్డయిన అసలు శబ్దంలో) విందామంటే వినబడేది ఆర్టీసీ బస్సు హారను. పైగా ఆ ట్రాక్ తీసేస్తే అడుగుల చప్పుడు, గాజులు, టీ గ్లాసు, ట్రాఫిక్ అన్నీ దానితోపాటే పోతాయి. ఒక్కొక్కటీ మళ్లీ పుట్టించాలి.

ఏప్రిల్‌లో అయితే కోయిల కూడా తమరి పక్షమే. హీరో క్లోజప్‌లో కూస్తుంది, హీరోయిన్ క్లోజప్‌లో కూయదు. కట్ పడ్డప్పుడల్లా చెట్టు మాయమై మళ్లీ మొలుస్తుంటుంది. అక్కడే ఒక నిమిషం యాంబియెన్స్ (ఆ చోటి మామూలు చప్పుడు) రికార్డు చేసుకుంటే రెండు క్లోజప్‌ల కిందా పరిచి ఆ అతుకు కప్పొచ్చు. కానీ ఐదుగురు ఒక నిమిషం నోరు మూసుకుని నిలబడాలి. తమరికి అస్సలు గిట్టని పని అదే.

ఇక ఎండ. సెకనుకి 24 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100 పెడితే నడిఎండలో ఎపర్చర్ (లెన్స్ కన్ను) బాగా మూసుకుని ఎఫ్/22 దగ్గర కూర్చుంటుంది. వెనక మసకగా కావాలని ఎఫ్/2.8కి తెరిస్తే ఆరు స్టాపుల వెలుతురు ఆపాలి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే వెలుతురుని 64వ వంతుకి దించే నల్ల అద్దం, ఎన్‌డీ 64 ఫిల్టర్. లాగ్‌లో (రంగులు తరవాత దిద్దుకోవడానికి చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) ఐఎస్‌ఓ 800 కంటే దిగని కెమెరా అయితే ఇంకో మూడు స్టాపులు. తమరి మాట విని ఫిల్టర్ అద్దె మిగిల్చి షట్టర్‌ని 1/3200కి ఎక్కిస్తారు. హీరో చెయ్యి ఊపితే అది ముక్కలు ముక్కలుగా కదులుతుంది. షట్టర్ కూడా ఎక్కించకపోతే ఆకాశం తెల్లగా కాలిపోతుంది, అందులో రంగులు దిద్దే కలరిస్ట్‌కి దొరికేది ఏమీ లేదు. నీలం పూస్తే జుట్టు అంచుల దగ్గర పట్టుబడుతుంది.

మే రెండో వారంలో ఖాజాగూడ రాళ్ల మీద మధ్యాహ్నం షూటింగ్ పెట్టించిందీ తమరే. ఆ రోజుల్లో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నుదురు మెరుస్తుంది, కళ్లు గుంటలవుతాయి. గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, ఆ గుంటల్ని లేపితే గ్రెయిన్ (సన్నటి చుక్కలు) లేస్తుంది. వెలుతురు ముఖం మీదికి తిరిగేలా థర్మాకోల్ కిందనుంచి పట్టి ఉంటే కళ్లు కనబడేవి. ఆ గాలికి దాన్ని స్టాండుకి కడితే స్టాండుతో సహా పడుతుంది, మనిషే పట్టుకోవాలి. ఆ మనిషిని తమరు టీకి పంపారు.

ఒకే సీనుకి పొద్దున వైడ్ (దూరం షాట్), సాయంత్రం క్లోజప్ తీస్తే ముక్కు నీడ ఏ చెంప మీద పడుతుందో తమరికి వేరే చెప్పాలా?

రేపటి కాల్‌టైమ్ (యూనిట్ చేరాల్సిన వేళ) ఐదున్నర. తమరు శ్రమపడి రానక్కర్లేదు.

ఇట్లు,
ఎడిటింగ్ టేబుల్ దగ్గర మిగిలిపోయినవారు

తా.క.: 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన) రికార్డు చేస్తే 64 జీబీ కార్డు ఎనభై నిమిషాలకి అటూ ఇటూగా నిండుతుంది. రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూశాకే ఫార్మాట్. తమరి తమ్ముడు 'కాపీ అయ్యే ఉంటుందిలే' గారిని కూడా ఇంట్లోనే ఉంచుకోగలరు.