సువార్త చెప్పమంటారు, మైక్ మాత్రం ఇవ్వరు

దాదాపు ప్రతి తెలుగు చర్చిలోనూ ఏడాదికి ఒక్కసారైనా ఈ ప్రసంగం పడుతుంది. మత్తయి 28 తీస్తారు, వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేయమన్న మాట చదువుతారు, ఇక అక్కడ్నుంచి మొదలు, ఈ నెల్లో ఎంతమందికి చెప్పారు, పక్కింటాయనకి చెప్పారా, ఆఫీసులో చెప్పారా అని. జనం తలలు దించుకుంటారు, ప్రార్థనలో కొంతమంది ఏడుస్తారు కూడా. వచ్చే ఆదివారానికి అంతా మామూలే. విశ్వాసుల్లో ఆత్మల భారం, అంటే ఎదుటోళ్లకి సువార్త చెప్పాలన్న తపన, తగ్గిపోయిందని పాస్టర్లు అంటుంటారు, నాకైతే అలా అనిపించదు. తెలుగు నేల మీద సువార్త పాకిందే మామూలోళ్ల నోటి మీద, దాన్ని తీసుకెళ్లి స్టేజీ ఎక్కించింది తర్వాతొచ్చిన చర్చిలు, ఇప్పుడేమో తప్పంతా బెంచీల్లో కూర్చున్నోళ్లదే అంటున్నారు.

బైబిల్లోనే చూడండి. తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫనును చంపాక యెరూషలేములో హింస లేచింది, అపొస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు, తప్ప అందరూ చెదిరిపోయారని అపొస్తలుల కార్యములు 8లో ఉంది, ఆ చెదిరిపోయినోళ్లే పోయిన చోటల్లా వాక్యం చెప్పుకుంటూ తిరిగారంట. పెద్దోళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. బయట పని చేసినోళ్లలో ఫిలిప్పు లాంటి వాళ్లవి తప్ప పేర్లు కూడా మనకి తెలీదు.

మన దగ్గర ఒంగోలు కథ అదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు అందరికీ తెలుసు, ఆయన పేరు మీద సంస్థలు కూడా ఉన్నాయి. కానీ ఆ ఉద్యమాన్ని కదిలించింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకుని సొంతూరికి పోయి తనోళ్లకి చెప్పాడు, మరుసటి ఏడాది మొదట్లో క్లౌ ఆ పల్లెకి వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర ప్రసంగం వినక ముందే! అది ఎలా పాకిందంటే బంధుత్వాల వెంట పాకింది. మేనమామ చెబితే అల్లుడు విన్నాడు, పిల్లనిచ్చిన ఊరికి మాట వెళ్లింది, తోళ్ల బేరానికొచ్చినోడు రాత్రికి అక్కడే పడుకుని కబురు మోసుకెళ్లాడు. ఏ మిషన్ ఆఫీసూ అలాంటి నెట్‌వర్క్ వేయలేదు.

చెప్పడంతోనే అయిపోలేదు కూడా. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, ఇవీ చేరేవాళ్లకి క్లౌ పెట్టిన షరతులు. వినడానికి చిన్నవే, ఊరి లెక్కలో మాత్రం పెద్ద గొడవ, ఎందుకంటే ఆదివారం పనికి రానంటే రైతు ఊరుకోడు, అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. దెబ్బలు తిన్నారు, పనులు పోయాయి. అలా వీళ్లలో ఏదో మారిందని ఊరందరికీ తెలిసిపోయింది, కరపత్రం పంచాల్సిన అవసరమే రాలేదు.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఇవ్వలేదు, కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది, ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఈ అంకె ప్రతి సువార్త సభలోనూ వినిపిస్తుంది, ఆపేసిన నెలల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

మామూలోళ్లే సువార్త చెప్పడాన్ని దోర్నకల్ బిషప్ అజరయ్య ఒక పద్ధతిగా మార్చారు. 1912లో బిషప్ అయిన ఈయన కొత్తగా బాప్తిస్మం పొందినోళ్ల చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని పలికించేవారు. ఆ మాట పౌలుది, పలికింది చదువురాని కూలీలు. ఏటా సాక్ష్యపు వారం పెట్టి అదే జనాన్ని పక్క ఊళ్లకి పంపేవారు.

మరి ఇప్పుడు? ఆదివారం మూడు గంటల ఆరాధనలో విశ్వాసికి దొరికేది చప్పట్లు, ఆమెన్, కానుక సంచి. సాక్ష్యం చెప్పే టైమ్ చాలా చోట్ల తీసేశారు, ఉన్న చోట కూడా స్వస్థత జరిగిందనో వీసా వచ్చిందనో చెప్పాలి, బాధ ఇంకా తీరలేదు అయినా నమ్ముతున్నా అంటే అది సాక్ష్యం కిందకి రాదు మరి. మాట్లాడేదంతా పాస్టర్ గారే, సాయంత్రానికి అదే ప్రసంగం యూట్యూబ్‌లో, విశ్వాసి పనల్లా లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేయడం. ఇదే సువార్త పని అని అందరం సర్దుకున్నాం.

ఇంకోటి ఉంది, పైకి ఎవరూ మాట్లాడనిది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. పల్లెల్లో చర్చిలు నిండే తీరు చూసినోళ్లెవరికైనా ఈ లెక్క మింగుడుపడదు. కారణం దాచిపెట్టేదేం కాదు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, అందుకే కాగితం మీద క్రైస్తవుణ్ణని రాయించుకోరు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సవరించారు, క్రైస్తవులకి లేదు. తెలుగు రాష్ట్రాల్లో అయితే వాళ్లని వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపులో పడేస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. అంటే పిల్లాడి సీటు, ఉద్యోగం, కొట్టినోడి మీద కేసు అన్నీ ఒక సర్టిఫికెట్‌కి కట్టేసి ఉన్నాయి. అలాంటి మనిషిని నిలబెట్టి ఆఫీసులో ధైర్యంగా చెప్పావా అని అడగడం పాస్టర్ గారికి తేలికే, ఆయన వెళ్లిపోయాక నష్టం పడేది వినేవాడు. వాళ్ల మౌనాన్ని పిరికితనం అనేముందు ఆ ఉత్తర్వు మీద మన పెద్ద సంఘాలు ఎంత గట్టిగా కొట్లాడాయో లెక్క చెప్పాలి.

హక్కు సంగతికొస్తే ఆర్టికల్ 25లో మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ రాసి ఉంది, 1977లో సుప్రీంకోర్టు దాంట్లో ఎదుటి మనిషిని మార్చే హక్కు లేదని చెప్పింది. ఆ తీర్పుతో గొడవ పడేవాళ్లున్నారు గానీ మామూలు విశ్వాసికి అది అడ్డమేం కాదు, మార్చడం తన చేతిలో లేదని వాడికి ముందే తెలుసు. గుడి ముందు కరపత్రాలు పంచడం మాత్రం ధైర్యం ఎలా అవుతుందో నాకర్థం కాదు, మొక్కుకోడానికొచ్చిన మనిషిని ఆ వాకిట్లో ఆపి నీ దేవుడు దేవుడు కాదనడం మర్యాద తప్పడమే. పేతురు కూడా అడిగినోళ్లకి జవాబు చెప్పమన్నాడు, అదీ సాత్వికంతో.

అలాగే పైన ఉన్నోడు కింద ఉన్నోడికి చెప్పడం దగ్గర జాగ్రత్త కావాలి. మేనేజర్ తన కింద పనిచేసే పిల్లాడిని ప్రార్థనకి పిలిస్తే వాడు రానని అనగలడా, మంచం మీదున్న రోగి నర్సుని వద్దనగలడా? క్లౌ కరువులో బాప్తిస్మాలు ఆపింది దీనికే. సమానంగా ఉన్నోళ్ల మధ్య, వద్దు బాబూ అని నవ్వుతూ లేచిపోగలిగే చోట చెప్పుకోవచ్చు, టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల్లో, నైట్ షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో.

చర్చిలు చేయగలిగింది కష్టమైనదేం కాదు. ఆదివారం ప్రసంగంలో పావుగంట కోసి ఒక ఆటో డ్రైవర్‌కో, కూరగాయలమ్మే ఆవిడకో ఇవ్వండి, స్వస్థత కథలు వద్దు, ఈ వారం బేరంలో అబద్ధం ఆడాల్సొచ్చినప్పుడు ఏం చేశారో చెప్పమనండి. తడబడతారు, వాక్యం తప్పు చెప్తారు, వెనకాల ఎవరో నవ్వుతారు కూడా. నవ్వనివ్వండి, రెండు మూడు నెలలకి అలవాటైపోతుంది.