కట్టు వేసే చేతికి అండ ఏది?

పాదాలు లోపలికి మెలితిరిగి బిడ్డ పుడితే మన పల్లెల్లో ఇప్పటికీ ముందుగా గ్రహణం మాటే వినిపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు బయటికి వచ్చిందనో, కత్తిపీట పట్టిందనో తల్లిని తప్పుపడతారు. ఆమె తప్పు ఏమీ లేదు. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డకు ఇలా వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు. సగం మందికి రెండు పాదాలూ వంకరే. వైద్యులు దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. జరిగే కాన్పులను బట్టి చూస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటా పదుల సంఖ్యలో ఇలాంటి పిల్లలు పుడుతుంటారు. తొలి వారాల్లోనే చికిత్స సరిగా మొదలైతే వీరిలో అత్యధికులు పెద్ద ఆపరేషన్ అవసరం లేకుండా నడుస్తారు, బడిలో అందరితో పాటు పరుగెత్తుతారు.

ఆ చికిత్స కొత్తదేమీ కాదు. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నేషియో పొన్సెటి 1950 ప్రాంతంలోనే దీన్ని రూపొందించారు. సాటి వైద్యులు దశాబ్దాల పాటు పట్టించుకోకపోయినా నేడు ప్రపంచమంతా అనుసరిస్తున్నది ఆయన పద్ధతినే. వారానికి ఒకటి చొప్పున ఐదారు పిండికట్లు వేస్తారు. ప్రతిసారీ పాదాన్ని మెల్లగా కొంత తిప్పి, అలాగే పట్టి ఉంచి తొడ వరకు కట్టు కడతారు. చివరలో చాలామందికి మడమ వెనుక స్నాయువును చిన్న గాటుతో తెంచవలసి వస్తుంది. మూడు వారాలు చివరి కట్టులో ఉండగానే అది మళ్లీ అతుక్కుంటుంది. ఆ తర్వాత అడ్డపట్టీకి బిగించిన బూట్లు తొడగాలి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసు వరకు నిద్రపోయే వేళల్లో. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. మలావీ, ఉగాండా వంటి దేశాల్లో సర్జన్లు కాని సిబ్బంది కూడా శిక్షణ పొంది ఈ కట్లు వేసి మంచి ఫలితాలు సాధించారు.

పని అంతా చేతి మీద నడుస్తుంది గనుక చేయి తప్పితే నష్టపోయేది బిడ్డే. చీలమండ ముందు, బయటివైపున తాలస్ ఎముక తల వేలికి తగులుతుంది. కట్టు వేసేవారు బొటనవేలిని అక్కడే ఆనించి పాదాన్ని తిప్పాలి, మడమను ముట్టుకోకూడదు. పసిపాదంలో వేలు కాస్త పక్కకు జరిగినా మడమ తిరగాల్సిన చోట తిరగదు. వంకర ఇంకా పూర్తిగా పోకముందే పాదం ముందు భాగాన్ని పైకి తోస్తే అది మధ్యలో విరిగినట్టు వంగి, అరికాలు పడవ అడుగులా ఉబ్బిపోతుంది. కట్టు వదులైతే కిందికి జారుతుంది. వేళ్లు లోపలికి పోయి కనిపించకపోవడం దానికి గుర్తు. ఆ జారిన కట్టుతోనే రోజులు గడిస్తే పాదం వాచి, పొట్టిబడి, తర్వాతి చికిత్సకు మొండికేస్తుంది. మరీ బిగుతైతే వేళ్లు నీలి రంగుకు తిరుగుతాయి, చర్మం పుండుపడుతుంది. ఇంతెందుకు, ఆసుపత్రిలో పని తొందరగా తెములుతుందని ముందురోజు రాత్రే ఇంట్లో కట్టు నానబెట్టి విప్పుకుని రమ్మంటే, ఆ వారం సాధించిన దానిలో కొంత తెల్లారేసరికి పోతుంది.

రెండు మూడు రోజుల శిక్షణలో, బొమ్మ పాదం మీద ఇవన్నీ చూపించి ధ్రువపత్రం చేతికిస్తే పని అయిపోయిందనుకోవడం మన శాఖలకు అలవాటు. బొమ్మ ఏడవదు, కాలు తన్నదు. నేర్చుకున్న ఫిజియోథెరపిస్టో, కట్లు వేసే టెక్నీషియనో తిరిగి వచ్చాక తొలి 20, 30 కట్లు వేసేటప్పుడు పక్కన నిలబడి ‘వేలు కొంచెం ముందుకు’ అని చెప్పే అనుభవజ్ఞులు కావాలి. మా దృష్టిలో ఈ చికిత్సకు సంబంధించి జిల్లా యంత్రాంగం చేయాల్సిన ముఖ్యమైన పని అదే.

మన వ్యవస్థకు తెలిసిన పర్యవేక్షణ వేరే రకం. పై అధికారి వస్తాడు, రిజిస్టరు అడుగుతాడు, యాప్‌లో నమోదులు తక్కువున్నాయని మందలించి, మెమో ఇచ్చి వెళతాడు. బిడ్డ పాదం చూడడు. పిల్లల్లో లోపాలను ముందే గుర్తించే కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడే, పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో క్లబ్‌ఫుట్‌ను చేర్చారు. పిల్లలను గుర్తించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే దారి కాగితం మీద ఉంది. గుర్తించిన లెక్క పైకి వెళుతుంది. చికిత్స ఎలా సాగుతున్నదీ ఆ లెక్కలో ఎక్కడ కనిపిస్తుంది? చూడదలచుకుంటే కొలమానం ఉంది. పిరానీ స్కోరు కింద పాదంలో ఆరు గుర్తులు చూస్తారు. ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి. మొత్తం ఆరు వస్తే తీవ్రమైన వంకర, సున్నా వస్తే మామూలు పాదం. కట్టు మార్చినప్పుడల్లా ఈ అంకె తగ్గుతూ రావాలి. మూడు నాలుగు కట్లు పడినా తగ్గలేదంటే ఎక్కడో చేయి తప్పుతోందని అర్థం. పర్యవేక్షకులు అడగవలసిన కాగితం ఇది. స్కోరు తగ్గని బిడ్డ ఉన్నాడని చెప్పిన ఉద్యోగిని మందలిస్తే మరుసటి వారం నుంచి అందరి స్కోర్లూ చక్కగా తగ్గిపోతాయి, కాగితం మీద.

మరో చిక్కు ఉంది. జిల్లా మొత్తం మీద కేసులు పదుల్లోనే ఉంటాయి గనుక, వాటిని ప్రతి ఏరియా ఆసుపత్రికీ పంచితే ఎవరి చేయీ తిరగదు. ఇచ్ఛాపురం బిడ్డను శ్రీకాకుళం దాకా రప్పించడం కష్టమే. అయినా వారంలో ఒక నిర్ణీత రోజున, ఒకటి రెండు చోట్ల, ఒకే జట్టుతో క్లినిక్ నడపడం మేలని మేము భావిస్తున్నాము. ఆ జట్టులోని వారిని మధ్యలో డెప్యుటేషన్ మీద వేరే చోటికి పంపకూడదు. తప్పనిసరిగా బదిలీ చేస్తే, బదులు వచ్చినవారికి చేయి తిరిగేదాకా పాతవారిని కదల్చకూడదు. కాంట్రాక్టు మీద పనిచేసే ఫిజియోథెరపిస్టుకు జీతం నెలల తరబడి నిలిపి, ఆపైన నాణ్యత గురించి ఉపన్యసించడం సిగ్గుచేటు.

పాదం నిటారైనంత మాత్రాన కథ ముగియదు. వంకర తిరిగి రావడానికి అతి పెద్ద కారణం బూట్లు సరిగా వేయకపోవడమే. ఒక పాదమే వంకరగా ఉన్నా బూట్లు రెండింటికీ తొడగాలి. బిడ్డ మొదటి రాత్రులు ఏడుస్తాడు, అమ్మమ్మ జాలిపడి విప్పేస్తుంది. పాదం బాగానే కనబడుతోంది కదా, ఇంకా ఈ శిక్ష ఎందుకని ఇంటిల్లిపాదీ తల్లిని నిలదీస్తారు. వారికి ఓపికగా నచ్చజెప్పగలిగేది కట్టు వేసినవారు, ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. తర్వాతి సైజు బూట్లు సమయానికి రాకపోతే వాళ్ల మాటకు ఇంట్లో విలువ ఉండదు.

పైగా మనది వలసల నేల. తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోతాడు. భవన నిర్మాణ పనులకు హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లే కుటుంబాలు పసిబిడ్డనూ వెంట తీసుకుపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో తల్లికి ఛార్జీ లేదు, సంతోషమే. అయినా ఆమె ఆరు వారాల పాటు వారానికో రోజు కూలి వదులుకోవాలి, పక్కనున్న మన్యం జిల్లాలోని సీతంపేట, సాలూరు కొండ గూడేల నుంచైతే బస్సు ఆగే చోటికి బిడ్డను ఎత్తుకుని దిగాలి. రాని బిడ్డలను ‘డ్రాపౌట్’ అని రాసి ఉద్యోగి మీద నెట్టేస్తే సరిపోదు. వలస వెళ్లిన చోటి క్లినిక్‌కు ఫోను చేసి ఆ బిడ్డను అప్పగించే వీలు, దారి ఖర్చు ఇప్పించే అధికారం ఆ ఉద్యోగికి ఇవ్వాలి. ఇంటింటికీ తిరిగి బూట్ల సంగతి చూసే ఆశాకు ఆ పనికి పారితోషికం లెక్కగట్టాలి.

డబ్బు లేదనే మాట ఇక్కడ నిలవదు. పాదం వంకరగానే పెరిగి పెద్దయి వైకల్య ధ్రువపత్రం పొందితే అదే ప్రభుత్వం నెలకు రూ.6,000 పింఛను ఇస్తుంది, ఇవ్వాలి కూడా. దానితో పోలిస్తే ఆరు పిండికట్లు, నాలుగేళ్ల బూట్లు ఎంత?

ఏటా జూన్ 3న, పొన్సెటి పుట్టినరోజున, ప్రపంచ క్లబ్‌ఫుట్ దినం జరుపుకుంటారు. రెండు జిల్లాల కలెక్టర్లు ఆ రోజు ర్యాలీ తీయించకపోయినా ఫర్వాలేదు. వైద్య కళాశాలల ఎముకల విభాగాల నుంచి ఒక్కో అనుభవజ్ఞుడైన సర్జన్‌ను ఎంపిక చేసి, మూడు నెలలకు ఒక పూట క్లినిక్‌లో కట్టు వేసేవారి పక్కన కూర్చోబెట్టాలి. మధ్యలో అనుమానం వస్తే పాదం ఫొటో పంపి సలహా అడగడానికి ఆయన ఫోను నంబరు జట్టు దగ్గర ఉండాలి. దూది, పిండికట్టు, అన్ని సైజుల బూట్లు నిల్వ ఉన్నాయో లేదో ఎవరు చూస్తారో ఒక అధికారి పేరుతో ఉత్తర్వు ఇవ్వాలి.